నీళ్లలో దిగానని చెప్పండి

ఈ ఉదయం నేనొక తప్పు చేశాను. కొత్త తప్పు కూడా కాదు. ఒకసారి చేసి, దాని ఫలితం కళ్లారా చూసి, ఇక జన్మలో చేయననుకున్న తప్పే. సూరత్ శివారు సచిన్‌లో నేను చూసుకునే మగ్గాల కార్ఖానా వెనక ఒక గుంట ఉంది. నిన్నటి వానకు అది నిండిపోయింది. నీళ్లు తోడే మోటారు కూడా అందులోనే మునిగింది. రబ్బరు బూట్లు బీరువాలో ఉన్నాయి, తాళంచెవి ఉన్న మనిషి ఇంకా రాలేదు, సేఠ్ ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఫిట్టర్ మల్లేశం గుంట అంచున నిలబడి నా వైపు చూశాడు. "రెండు నిమిషాల పని, దిగు మల్లేశం" అన్నాను. అతను ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకుని ఉత్త కాళ్లతో దిగాడు. మోటారు పైకి లాగుతుంటే అడుగున పేరుకున్న బురద కదిలింది. నానిన దారం, మెషిన్ నూనె, మురుగు, చచ్చిన ఎలుకలు, అన్నీ కలిసిన వాసన ఒకటి లేచి ముఖానికి కొట్టింది. నేను పక్కనున్న గోడ పట్టుకున్నాను. "ఏంది సార్, గట్లయినవ్? మోటరు నేను గుంజుతున్న, చెమట నీకొస్తుంది" అని మల్లేశం కిందినుంచి నవ్వాడు. పైకెక్కి కాళ్లు విదిలించుకుంటున్నప్పుడు చూశాను. అతని మడమల నిండా పగుళ్లే.

ఆ వాసన ఎలా ఉంటుందో నాకు చూపింది తాపీ నది వరద. దానికి భయపడాలని నేర్పింది సుగుణ టీచర్. ఆవిడను మీలో ఎవరూ చూసి ఉండరు. పేపర్లో ఫోటో పడిన మనిషి కాదు. తెనాలి పక్క ఊరి నుంచి, ఉధ్నాలో రైల్వే ఉద్యోగం చేసే భర్త వెంట సూరత్ వచ్చి, మా నేతవాళ్ల పిల్లలు చదువుకునే మున్సిపాలిటీ తెలుగు బడిలో టీచరయ్యారు. నాకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పారు. మేమంతా కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వచ్చిన ఇళ్ల పిల్లలం. ఇంట్లో ఒక తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ. మేము "ఏంది టీచర్" అంటే ఆవిడకు కోపంగా అడిగినట్టుండేది, ఆవిడ "ఏవిటర్రా" అంటే మాకు నవ్వొచ్చేది. ఒకరోజు సుద్దముక్క బల్ల మీద పెట్టి, "మీ తెలుగు నాకు రాదు, నా తెలుగు మీకు రాదు, లెక్కలు మాత్రం ఇద్దరికీ ఒకటే, పుస్తకాలు తియ్యండి" అన్నారు. ఆ రోజు నుంచి బడిలో నాకు భయం పోయింది. పదో తరగతి తర్వాత నేను చదువు ఆపి మగ్గాల్లో చేరినప్పుడు మా ఇంటికొచ్చి మా నాయనతో గొడవపడ్డ మనిషి కూడా ఆవిడొక్కరే. గొడవలో ఓడిపోయారు. వెళ్తూ వెళ్తూ నా వైపు చూసి, "లెక్కలు మర్చిపోకు, మాస్టర్‌వైనా అవుతావు" అన్నారు. అలాగే అయ్యాను. మగ్గాల మీదివాళ్లకు పని పంచి, సరుకు చూసుకునే వాడిని సూరత్‌లో మాస్టర్ అంటారు.

వరదకు కొన్నేళ్ల ముందు, ఒక వానాకాలం మధ్యాహ్నం బడి ఆవరణంతా నీళ్లతో నిండిందట. ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని, చిన్నపిల్లల్ని ఒక్కొక్కరినీ చంకనేసుకుని రోడ్డు దాకా చేర్చారు. అంతా అయ్యాక ఇంటికెళ్లి స్నానం చేసి వంట చేసుకున్నారు. వారం పైన కొన్నాళ్లకు జ్వరం. ఒక డాక్టరు మలేరియా అన్నాడు, ఇంకొకరు టైఫాయిడ్ అన్నారు. నీళ్లలో దిగారా అని ఎవరూ అడగలేదు, చెప్పాలని ఆవిడకూ తోచలేదు. మూత్రం ఆగిపోయి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాక అక్కడొక డాక్టరు అడిగాడు. దాని పేరు లెప్టో. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో దిగితే కాళ్ల పగుళ్లలోంచి, గీసుకుపోయిన చోటినుంచి ఒంట్లోకి చేరుతుంది. మొదట్లోనే పట్టుకుంటే మామూలు మందులకు లొంగుతుంది. ఆలస్యమైతే కిడ్నీలనూ కాలేయాన్నీ పట్టుకుంటుంది. ఆవిడ బతికారు. కానీ పూర్వపు మనిషిగా తిరిగి రాలేదు.

మా విజయక్క పెద్దకొడుకుని బడిలో చేర్చడానికి వెళ్లినప్పుడు ఆవిడను మళ్లీ చూశాను. కుర్చీలోనే కూర్చుని పాఠం చెబుతున్నారు. గదిలో నల్ల కళ్లద్దాలు. పిల్లలు వెనక నుంచి హీరోయిన్ టీచర్ అని గుసగుసలాడుకుంటున్నారు. తోటి టీచర్లు కూడా, జ్వరం వచ్చి ఎన్నాళ్లైంది, ఇంకా కుర్చీ వదలదేమిటని చాటున అనుకునేవారట. నన్ను గుర్తుపట్టి బయటికొచ్చి, వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు.

"ఏరా శంకర్, నువ్వు కూడా నవ్వుకుంటున్నావా?"

"లేదు టీచర్."

"నవ్వుకో, ఫర్లేదు. వెలుతురు చూస్తే కన్ను పోటు. పొద్దున జడ వేసుకోవడానికి మధ్యలో ఒకసారి కూర్చోవాలి. చెబితే నమ్మరు. తింటున్నావు, తిరుగుతున్నావు, ఇంకేం రోగమంటారు. చచ్చిపోయుంటే నమ్మేవాళ్లు."

ఆ చివరి మాటను నవ్వుతూనే అన్నారు. నేను మాత్రం, మంచి టానిక్ ఏదైనా తాగండి టీచర్ అన్నాను. ఈ రోజుకూ ఆ సలహా తలచుకుంటే సిగ్గేస్తుంది. నేను కూడా నమ్మలేదన్నమాట.

ఆ తర్వాతే ఆవిడ శనివారాలు మొదలయ్యాయి. బడి కాగానే సంచిలో ఒక జత రబ్బరు బూట్లు పెట్టుకుని మా ఇళ్లుండే డిండోలి గల్లీల్లో తిరిగేవారు. గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి, బూట్లు తీసి చూపించి, వానాకాలంలో నీళ్లలో దిగితే ఇవి వేసుకోండి, దిగాక జ్వరమొస్తే, పిక్కలు పీకితే, కళ్లు ఎర్రబడితే డాక్టరుకు మొదట ఒక మాట చెప్పండి అని బతిమాలేవారు. ఆ మాటను గుజరాతీలో నేర్పేవారు, ఏ డాక్టరు దగ్గరైనా పనికొచ్చేలా. "హుఁ గందా పాణీమా ఉతర్యో హతో." నేను మురికి నీళ్లలో దిగాను అని. బడిలో ప్రార్థన తర్వాత పిల్లలందరితో చెప్పించేవారు. ఆవిడ గుజరాతీ తెనాలి యాసలో సాగి సాగి ఉండేది. పిల్లలు ఇంటికొచ్చి అలాగే సాగదీసి అనేవారు. మా గల్లీలో ఆవిడకు బూట్ల టీచరమ్మ అని పేరు పడింది. ఆవిడ వస్తుంటే ఆడవాళ్లు నవ్వాపుకుంటూ చాయ్ ఇచ్చేవారు. చాయ్ తాగేవారు కానీ, తాగుతూ కూడా అదే మాట.

ఒక ఏడు బతుకమ్మ పండుగకు మా నేతవాళ్ల సంఘం పెద్ద షామియానా వేశారు. అంతమంది ఒకచోట చేరడం మళ్లీ దొరకదని టీచర్ వచ్చి, మైకులో రెండు మాటలు చెప్పనివ్వమని అడిగారు. అధ్యక్షుడు మర్యాదగానే, బహుమతులయ్యాక చెబుదురు గానీ కూర్చోండమ్మా అన్నాడు. బహుమతులయ్యేసరికి మైకువాడు తీగలు చుట్టుకుంటున్నాడు. నేనప్పుడు కార్యకర్త బ్యాడ్జీ పెట్టుకుని పులిహోర పంచుతున్నాను. ఒక్కమాట నేనంటే మైకువాడు ఆగేవాడు. పండగ పూట రోగాల సంగతెందుకని నాకూ అనిపించింది. టీచర్ గేటు దగ్గరికెళ్లి నిలబడ్డారు. చెప్పులు వేసుకోవడానికి వంగిన ప్రతి ఆడమనిషికీ ఆ వాక్యం చెప్పారు. వాళ్లు పూలపళ్లేలు సర్దుకుంటూ, అట్లనే టీచరమ్మా అంటూ వెళ్లిపోయారు.

ఆవిడ మాట నేను విన్న సందర్భం ఒకటుంది, అది కూడా చెప్పాలి. మా దగ్గర పోశెట్టి అనే నేతగాడికి ఈ జ్వరమొచ్చి తగ్గింది. తిరిగొచ్చాక షిఫ్టంతా నిలబడలేకపోయాడు. సేఠ్ తీసేశాడు. భార్య కూడా పని దొంగ అంది. టీచర్ అతన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చి, కూర్చుని చేసే పని ఇవ్వమన్నారు. ఉన్నది బాబిన్లు చుట్టడమే, అది ఆడవాళ్ల పని, మగవాడు ఒప్పుకోడని చెప్పాను. "అతన్నడిగావా?" అన్నారు. అడిగాను. పోశెట్టి బాబిన్ అందుకుని, తల వంచుకుని, "ఈమె ఒక్కతే నాకు రోగముందని ఒప్పుకున్నది మాస్టర్" అన్నాడు. రోగం పోగొట్టడం ఒక పని, రోగం ఉందని ఒప్పుకోవడం ఇంకొక పని అని నాకు అప్పుడు తెలిసింది.

వరద వచ్చిన ఏడు నేను తాపీ అవతల, అమ్రోలిలో ఒక కార్ఖానాకు మాస్టర్‌ని. మా విజయక్క భర్త అంజయ్య బావ కూడా అక్కడే మగ్గాల మీద పని. మా ఇళ్లున్న డిండోలి వైపు నీళ్లు రాలేదు, అమ్రోలిలో మాత్రం మగ్గాలు మునిగిపోయాయి. నీళ్లు తీశాక లోపల మోకాలి లోతు బురద. ఎలుకలు ఉబ్బి తేలుతున్నాయి. శుభ్రం చేసే పనికి ముందురోజు టీచర్ డిండోలిలోని మా ఇంటికి వచ్చారు. నల్ల కళ్లద్దాలు తీసి, ఎర్రటి కన్నుతో నన్ను చూసి, "నువ్వు నా స్టూడెంట్‌వి. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. నీ కార్ఖానాలో ఒక్కడు కూడా ఉత్త కాళ్లతో దిగకూడదు" అన్నారు. మాటిచ్చాను. సేఠ్‌ను ఒప్పించి అందరికీ బూట్లు తెప్పించాను. అంతవరకు నేను మంచివాడినే.

తెల్లారి నేనే ముందు బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను. మిగతావాళ్లు బూట్లు చేతిలో పట్టుకుని గడప దగ్గర ఆగిపోయారు. మా నేతవాళ్లలో మగ్గం ఉన్నచోట చెప్పులు వేసుకునే అలవాటు లేదు. కరెంటు మగ్గమైనా అంతే. కార్ఖానా బయటే చెప్పులు విడిచి, లోపలికెళ్లి మగ్గానికి మొక్కి, అప్పుడు పని మొదలుపెడతాం. గోడ మీద మా నేతవాళ్లు కొలిచే మార్కండేయ స్వామి పటం ఉంది. వరద నీళ్లు దాని అంచు దాకా వచ్చి ఆగాయి. పెద్దమనిషి రాజయ్య తాత ఆ పటాన్ని చూపించి, "నీళ్లు సుత స్వామిని ముట్టలే. మనం బూట్లేసుకొని మగ్గం తల్లి ముంగట తిరుగుతమా? నాకైతే చాతగాదు" అని బూట్లు గోడ వారగా పెట్టేశాడు. ఒక్కొక్కరూ అదే పని చేశారు. చివరికి బూట్లతో నేనొక్కడినే మిగిలాను. అంజయ్య బావ నన్ను కింది నుంచి పై దాకా చూసి, "మా బామ్మర్ది పోలీసోడైండుర బై. సెల్యూట్ కొట్టుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, బూట్లు విప్పేశాను.

మధ్యాహ్నం టీచర్ వచ్చారు. బురదంటని కొత్త బూట్లు గోడ పొడవునా వరసగా నిలబడి ఉన్నాయి. ఆవిడ వాటిని చూశారు, తర్వాత లోపల పిక్కల దాకా బురదలో ఉన్న మమ్మల్ని చూశారు. రాజయ్య తాత సంగతి చెప్పాడు. ఆవిడ కోప్పడలేదు. "స్వామి ముందు బూట్లు వేసుకోలేకపోతే స్వామిని కాసేపు బయట కూర్చోబెట్టొచ్చు కదయ్యా. లోపల కడిగాక మళ్లీ తీసుకెళ్లొచ్చు. ఆయనకు మాత్రం ఈ కంపులో వేలాడటం ఇష్టమా?" అన్నారు. ఇంత సులువైన ఉపాయం మాలో ఒక్కరికీ తోచలేదు. బావ పార మీద ఆనుకుని, "టీచరమ్మ చెప్పింది కరెక్టే, రేపటిసంది గట్లనే చేద్దాం" అన్నాడు. కానీ పని ఆ సాయంత్రానికే అయిపోయింది. వెళ్లేముందు టీచర్ అందరికీ మళ్లీ ఆ వాక్యం గుర్తుచేశారు. బావ ఆవిడ యాసలోనే, "హుఁఁ గందా పాఆణీమా" అని సాగదీశాడు. అందరితో పాటు ఆవిడ కూడా నవ్వారు. బావ గొంతులో ఆ వాక్యం నేను వినడం అదే మొదలు, అదే చివర.

కొన్నాళ్లకు బావకు జ్వరమొచ్చింది. కాళ్ల మీద దుప్పటి పడితే ఓర్చుకోలేనంత పిక్కల నొప్పి. కళ్లు ఎర్రబడ్డాయి. అక్కా, నేనూ డిండోలిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మంచివాడే, బయట బెంచీల నిండా జనం. బావకు గుజరాతీ అంతంతమాత్రం. ఎక్కడికెళ్లినా నేనే మాట్లాడేవాడిని. ఇల్లు డిండోలి అని వినగానే, ఇక్కడికి వరద రాలేదు కదా అని డాక్టరే అన్నాడు. ఎక్కడికైనా వెళ్లాడా అని హిందీలో అడిగాడు. బావ నా ముఖం చూశాడు. వాక్యం నా నాలుక మీదే ఉంది. ఆ మాట చెబితే బూట్లు లేవా అని డాక్టరు అడుగుతాడు. బూట్లు ఉన్నాయని, అందరితో తొడిగించాల్సిన మాస్టరే నవ్వి తనవి విప్పేశాడని పక్కనే ఉన్న అక్కకు తెలుస్తుంది. అంతే. అంతకంటే పెద్ద కారణమేదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను, దొరకలేదు. "కార్ఖానేమే కామ్ కర్తా హై సాబ్, బుఖార్ హై" అన్నాను, కార్ఖానాలో పని, జ్వరం అని మాత్రమే. డాక్టరు మలేరియా మందులు రాశాడు.

జ్వరం తగ్గలేదు. కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లంటూ బంధువులు పసరు మందు పోయిద్దామన్నారు. బావను పసరాయన దగ్గరికి బండి మీద తీసుకెళ్లింది కూడా నేనే. అప్పటికైనా నోరు తెరిచి ఉండాల్సింది. మొదటిసారి చెప్పని మాటను రెండోసారి చెప్పాలంటే ముందెందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. అబద్ధంలో అదే చిక్కు. మూత్రం ఆగిపోయాక పెద్దాసుపత్రికి చేర్చాం. కబురు తెలిసి టీచర్ ఆయాసపడుతూ వచ్చి, నేరుగా డాక్టరు దగ్గరికెళ్లి, ఇతను అమ్రోలిలో వరద బురదలో దిగాడండీ అని చెప్పారు. డాక్టరు కాగితం మీంచి తలెత్తి, ఈ మాట ముందు ఎందుకు చెప్పలేదన్నాడు. టీచర్ నా వైపు తిరిగారు.

"మొదటి డాక్టరుకు చెప్పావా శంకర్?"

అక్క నా పక్కనే ఉంది.

"చెప్పిన టీచర్" అన్నాను.

బావ మళ్లీ ఇంటికి రాలేదు. అక్క ఆ డాక్టరును తిట్టింది, పసరాయనను తిట్టింది, తాపీని తిట్టింది. నన్ను మాత్రం, మా తమ్ముడు అన్నిట్ల దగ్గరుండి చూసుకున్నడు అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

కర్మలన్నీ అయ్యాక, బడి వదిలే వేళకు టీచర్ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ బల్ల మీది సుద్దపొడిని వేలితో ఒకవైపుకు నెడుతూ విన్నారు. తిట్టండి టీచర్ అన్నాను. "తిడితే నీకు తేలికవుతుంది. నేను తిట్టను. మీ అక్కకు చెప్పు" అన్నారు. ఎట్ల చెప్పాలె టీచర్ అని అడిగాను. "నేను నేర్పిన వాక్యం లాగానే. మొదటి మాట బయటికొస్తే మిగతాది దానంతటదే వస్తుంది. శనివారం నుంచి నాతో రా. సంచి నేను మోయలేకపోతున్నాను" అన్నారు.

అలా ఆవిడ సంచి నా భుజానికి వచ్చింది. మళ్లీ వానాకాలాలు వచ్చాయి. గల్లీ గల్లీలో నేను బూట్లు తొడుక్కుని నిలబడి మా బావ కథ చెప్పేవాడిని. బురదలో దిగిన దాకా చెప్పి, జ్వరమొచ్చింది, పోయాడు అని ముగించేవాడిని. మధ్యలో వదిలేసిన చోట టీచర్ ఒక్క క్షణం ఆగి నా వైపు చూసేవారు. నేను నేల చూసేవాడిని. అప్పుడు ఆవిడే అందుకుని, డాక్టరుకు ఈ మాట చెప్పండమ్మా అని వాక్యం చెప్పేవారు. విన్నవాళ్లు అయ్యో అనేవారు. వచ్చే వానకు మళ్లీ ఉత్త కాళ్లతోనే దిగేవారు. మార్కండేయుడి పటాన్ని బయట కూర్చోబెట్టిన కార్ఖానా నాకు తెలిసి ఒక్కటి కూడా లేదు. మనం చేసేదాంట్లో ఏమైనా లాభముందా టీచర్ అని ఒకసారి విసుగ్గా అడిగాను. "లేదేమోరా" అన్నారు. కాస్త నడిచి, "నాకు మాత్రం ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది" అన్నారు.

ఆవిడ కిడ్నీలు క్రమంగా చేతులెత్తేశాయి. ఆఖరిసారి ఉధ్నా రైల్వే క్వార్టర్లో చూశాను. రోజుకు తాగాల్సిన నీళ్లు భర్త ఒక గ్లాసులో కొలిచి పక్కన పెట్టాడు. ఆవిడ పెదవులు తడుపుకోవడానికే దాన్ని పొదుపుగా వాడుకుంటున్నారు. "నీళ్లవల్ల వచ్చిన రోగం, నీళ్లే తాగనివ్వడం లేదు చూశావా" అన్నారు. తర్వాత, "చెప్పావా?" అన్నారు. ఇంకా లేదు టీచర్ అన్నాను. కళ్లు మూసుకుని, సరే అన్నట్టు చెయ్యి కొంచెం కదిపారు. ఆ ఏటి వానాకాలాన్ని ఆవిడ చూడలేదు. బడిలో ప్రార్థన తర్వాత ఆ వాక్యం ఆగిపోయింది. పోశెట్టి ఏమయ్యాడో తెలియదు. నేను సచిన్‌కు మారాను. బూట్లు కొనిపించి బీరువాలో పెట్టించాను. పోకుండా ఉండాలని తాళం వేయించింది కూడా నేనే.

ఇవాళ మల్లేశం కాళ్లు సబ్బుతో కడిగించి, బీరువా తాళం సుత్తెతో పగలగొట్టి, బూట్లు బయట వరసగా పెట్టించాను. అందరినీ పిలిచి బావ కథ చెప్పాను, ఈసారి డాక్టరు గది దాటి ఆసుపత్రిలో ఆడిన అబద్ధం దాకా. ఎవరూ నవ్వలేదు. తర్వాత మల్లేశాన్ని దవాఖానాకు తీసుకెళ్లాను. దారంతా, గింత దానికి దవాఖానేంది సార్, ఇంట్ల తెలిస్తే నాకేమో అయిందనుకుంటరు అని గొణుగుతూనే వచ్చాడు. డాక్టరు ఏమైంది అని అడగకముందే చెప్పాను. ఇతను మురికి నీళ్లలో దిగాడు, దింపింది నేను అని గుజరాతీలో. ఆ వాక్యం నా నోట టీచర్ యాసలోనే వచ్చింది. డాక్టరు మాత్రలిచ్చి, జ్వరం కానీ పిక్కల నొప్పి కానీ వస్తే ఆ రోజే రమ్మన్నాడు.

అక్కడి నుంచి, దగ్గర్లో ఉన్ అనే చోట ఉంటున్న విజయక్క ఇంటికి వెళ్లాను. అక్క చాప మీద కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది. చాయ్ పెట్టనా తమ్మీ అంది. వద్దని చెప్పి ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, ఆ రోజు దవాఖానల నేను చెప్పలే."

"ఏం చెప్పలే?"

"బావ నీళ్లల్ల దిగిండని. బూట్లున్నయి అక్కా. బావతోని తొడిగియ్యలే, నా కాళ్లయి సుత విప్పిన. అది నీకు తెలుస్తదని చెప్పలే."

జిగురంటిన వేలి కొన మీద ఒక చిన్న రాయి మెరుస్తోంది. అక్క దాన్ని చీరకు పెట్టలేదు, తుడుచుకోలేదు.

"చెప్తే బతుకుతుండెనా?"

"ఎర్కలే అక్కా. బతికెటోడేమో."

అక్క నా మణికట్టు వైపు చూసి, "ప్రతేడు రాఖీ కట్టిన నీకు" అంది. తల వంచుకుని, "పో తమ్మీ. మల్ల నేను పిలిస్తెనే రా" అంది. లేచాను. ఆమె తలెత్తలేదు. పిలుస్తుందో లేదో నాకు తెలియదు.

బయట మళ్లీ వాన పడి గల్లీలో నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో పిల్లలు ఎగురుతున్నారు. పొద్దున తాళం పగలగొట్టి తీసిన బూట్లలో ఒక జత నా బండి సంచిలోనే ఉంది. గోడ మీద కూర్చుని తొడుక్కుని, మొదటి ఇంటి తలుపు కొట్టాను. తలుపు తీసినామె నా కాళ్ల వైపు చూసి, వెనకున్నవాళ్లకు చూపించి నవ్వింది. నేను నవ్వలేదు. బూట్లు విప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాను.